వెనుకటి నిల్వ లేని కొత్త చిట్టా

(మన సంఘపు ఆదివార సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై మేము నిలుచుండినప్పుడెల్ల చందాల బాకీలను గూర్చియో, ఉత్సవముల ఖర్చులను గూర్చియో వినుట మీకు అలవాటు. నేడు మేము సూపర్‌మ్యానును గూర్చి మాటలాడనెంచితిమి. పెద్దలు నవ్వవచ్చును, పిల్లలు నవ్వరు. మా మాటలలో తప్పు దొరలినచో దిద్దుటకు ఈ ముందువరుసలోని చిరంజీవులే సమర్థులు.

ఇటీవల ఒకనాటి సాయంకాలము మా దుకాణపు అరుగుమీద నలుగురు బాలురు చేరి గంటకు పైగా వాదించుకొనిరి. 2008వ సంవత్సరమున 'ఐరన్ మ్యాన్' చిత్రముతో మొదలై, ముప్పదికి మించిన చిత్రములుగా పెరిగిన మార్వెల్ వారి కథాప్రపంచమును ఆ సంస్థవారు తుడిచివేసి మరల మొదటినుండి ప్రారంభింతురా, లేదా యన్నది వాదము. దీనినే వారు 'రీబూట్' అనుచున్నారు. కంప్యూటరు మొరాయించినపుడు ఆపి మరల నడిపించుటకు వాడు మాట అది. ఒకడు, కథలు చిక్కుపడినవి గనుక తుడువక తప్పదనెను. రెండవవాడు, అట్లయిన మనమిన్నేండ్లు చూచినదంతయు ఏమగునని అడిగెను. మూడవవాడు డి.సి. వారు పూర్వమెన్నిమార్లు అట్లు చేసిరో సంవత్సరములతో ఒప్పజెప్పెను. నాల్గవవాడు ఏదో చిత్రము చివరనున్న చిన్న దృశ్యమును సాక్ష్యముగా చూపెను. న్యాయస్థానమున ప్లీడర్లు సైతము ఇంతకంటె శ్రద్ధగా వాదింపరు.

మేము మొదట విసుగుకొంటిమి, పిమ్మట ముచ్చటపడితిమి. లోపలికి బోయి, మా తండ్రిగారు బైండు చేయించి దాచిన చందమామ సంపుటమొకటి తెచ్చి, ఇందలి బేతాళకథ ఒక పుట చదువుడని వారి ముందుంచితిమి. నలుగురిలో ఒకడు ఒడియా ఇంటి బాలుడు. అతడు చదువకపోవుట సహజము. తక్కిన ముగ్గురు మనవారే. ఇద్దరు పత్రిక పేరుకూడ చదువలేకపోయిరి. మూడవవాడు రెండక్షరములు గుర్తించి ఆగిపోయెను. ఆ మూడవవాడు మా కుమారుడే.

మేము ఎన్నో యేండ్లుగా ఇదే వేదికనుండి మాతృభాషను గూర్చి ఉపన్యసించుచున్నాము. ఇంటిలో బిడ్డకు ఓనమాలు దిద్దించుటకు మాకు తీరిక లేకపోయెను. ఈ మాట మీ యెదుట ఒప్పుకొనుటకే నేడు లేచితిమి. అయితే ఆ బాలుర ప్రశ్నను మాత్రము మేము త్రోసిపుచ్చలేదు. ఆ రాత్రి కూర్చుండి దానినే ఆలోచించితిమి. మన ప్రశ్నకు జవాబు వారి ప్రశ్నలోనే కలదని మాకు తోచినది. ఎట్లో మనవి చేసెదము.

పెద్దలకొరకు మొదట ఆ కథాప్రపంచముల చరిత్ర కొంచెము చెప్పవలయును. సూపర్‌మ్యాన్ మొదట 1938లో 'యాక్షన్ కామిక్స్' అను పత్రిక తొలిసంచికలో వెలువడెను. మనుష్యులు ముసలివారగుదురుగాని ఈ వీరులు ముసలివారు కారు. కథలు మాత్రము ఏటేట పేరుకొనిపోవును. కావున డి.సి. వారు 1956లో 'ఫ్లాష్' అను వీరుని పేరు అట్లే యుంచి, మనిషిని మార్చి, క్రొత్తగా మొదలుపెట్టిరి. మరి పాత ఫ్లాష్ ఏమాయెనని పాఠకులు విడువలేదు. 1961లో ఒక కథ వ్రాసి, అతడు మరియొక భూమిపై క్షేమముగా నున్నాడని చెప్పవలసివచ్చెను. అట్లు భూములు పెరిగి పెరిగి లెక్క తప్పగా, 1985-86లో పండ్రెండు సంచికల పెద్దకథ నడిపి అన్నిటిని కూల్చి ఒక్కటిగా కలిపిరి. మరల 2011లో ఏబదిరెండు పత్రికలను ఒకటవ సంఖ్యనుండి మొదలుపెట్టిరి. మార్వెల్ వారు మాత్రము 1961నుండి తమ అచ్చుకథను ఒకే త్రాటిపై లాగుకొని వచ్చుచున్నారు. 2015లో ప్రపంచములన్నియు కూలినట్లు కథ వ్రాసియు పాతలెక్కను కొట్టివేయలేదు. బాలురు వాదించినది, ఈ మార్వెల్ వారి చిత్రములును ఇకపై ఏ త్రోవ తొక్కునన్నదే.

ఇందులో వర్తకులమైన మాకు మిక్కిలి నచ్చిన సంగతి ఒకటి కలదు. 'యాక్షన్ కామిక్స్' 2011లో 904వ సంచికతో ఆగి, మరల ఒకటవ సంఖ్యతో మొదలై, ఏబదిరెండు సంచికలు నడిచెను. పాఠకులకు పాతది కావలసివచ్చెను. 2016లో ఆ సంస్థవారు ఏమి చేసిరి? 904కు 52 కలిపిన 956 గదా. తరువాతి సంచికకు 957 అని సంఖ్య వేసిరి! 2018లో అదే పత్రిక వేయవ సంచికను వెలువరించెను. ఇది మనము ప్రతి సంవత్సరము చేయు పనియే. కొత్త చిట్టాకు పసుపు కుంకుమలు పెట్టి తెరచినపుడు, మొదటి పుటలో ఏమి వ్రాయుదుము? వెనుకటి చిట్టా ముగింపు నిల్వను వ్రాయుదుము. అది వ్రాయకుండ తెల్లకాగితముతో మొదలిడినవాడు బాకీలు పోగొట్టుకొనును, ఖాతాదారులను పోగొట్టుకొనును.

మన పురాణములును ఇదే చెప్పుచున్నవి. మన యిండ్లలో సంకల్పము చెప్పించునప్పుడు పురోహితులు శ్వేతవరాహ కల్పమనియు, వైవస్వత మన్వంతరమనియు పేర్కొందురు. అనగా లోకము ఎన్నోమారు ప్రారంభమైనదో, మనము అందులో ఎచ్చట నున్నామో ప్రతి పూజయందును గుర్తుచేసికొను జాతి మనది. ప్రళయము వచ్చినపుడు మత్స్యమూర్తి నడిపిన నావలో ఏమి యుండెను? సప్తర్షులును, ఓషధుల విత్తనములును ఉండెను. లోకము మునిగినను విత్తనము మునుగలేదు. మరల మొదలిడుట తప్పు కాదు. విత్తనము లేకుండ మొదలిడుటయే తప్పు.

ఇక మన పెద్దలు పిల్లల ఊహాగానములను చూచి నవ్వుచున్నారు గాని, తామును అట్టి ఊహాగానమే చేయుచుందురు. ఈ యూరిలో ఏ పెండ్లియందైనను, ఏ తెలుగు ఇంటి అరుగుమీదనైనను నడివయసువారు నలుగురు చేరినచో ఒక ప్రశ్న వచ్చితీరును: చందమామ మరల వెలువడునా?

చందమామను 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి గారలు మద్రాసున తెలుగు, తమిళములలో స్థాపించిరి. 1952నుండి 1980లో కన్నుమూయువరకు కొడవటిగంటి కుటుంబరావుగారు దానిని సంపాదకులై తీర్చిదిద్దిరి. దాసరి సుబ్రహ్మణ్యంగారు ధారావాహికలు వ్రాసిరి. చిత్రా, శంకర్ గారలు బొమ్మలు గీసిరి. మన ప్రక్కనున్న శ్రీకాకుళమున జన్మించిన వడ్డాది పాపయ్యగారు ముఖచిత్రములకు వన్నె తెచ్చిరి. అది ఒడియాలో 'జహ్నమాము' అను పేర వెలువడెను. చాలకాలము పిమ్మట 2004లో సంతాలీ భాషలోను వెలువడెను. మా బాల్యమున గుణుపురమునుండి బస్సుపై పత్రికల కట్ట వచ్చెడిది. మా ఇంట తెలుగు చందమామ, ఎదురింట ఒడియా జహ్నమాము. ఒకే బొమ్మ, రెండు లిపులు. ఎదురింటి మిత్రుడును మేమును రెండు పుస్తకములు ప్రక్కప్రక్కన పెట్టుకొని అక్షరములు పోల్చుకొనెడివారము. ఒడియా లిపి మాకు అట్లే అబ్బినది.

ఆ పత్రిక 1998లో నిలిచిపోయి, మరుసటి యేట మరల మొదలైనది. 2007లో ముంబయికి చెందిన యొక సంస్థ చేతికి పోయినది. 2013నాటికి ముద్రణ ఆగిపోయినది. అప్పటినుండి, ఫలానావారు కొనుచున్నారట, ఫలానా పండుగకు వచ్చునట యని మనమును దృశ్యములు చూపి సాక్ష్యములు పలుకుచునే యున్నాము. వచ్చినచో పాత బొమ్మలతోనే రావలయునని ఒకరు, నేటి పిల్లలకు తగినట్లు మార్చవలయునని మరియొకరు తగవులాడుచున్నారు. మా అరుగుమీది బాలురకును మనకును భేదమేమి?

భేదము ఒకటి కలదు; అది మనకు గౌరవము కాదు. ఆ బాలురు తమ కథలను చదువగలరు. మరల మొదలైనను, కాకున్నను, వారు పాఠకులై సిద్ధముగా నున్నారు. రేపు ఉదయము చందమామ గుడారికి వచ్చినదనుకొనుడు. చదువువారెవరు? నలువది దాటిన మనము చదువుదుము. మన తరువాత ఆ కట్ట విప్పువారు లేరు. సరుకు రానందుకు టోకు వర్తకుని నిందించుచున్నాము గాని, ఖాతాదారులు తగ్గిపోవుచున్న సంగతి చూచుకొనుట లేదు.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినపుడు, అంతవరకు విశాఖపట్టణము జిల్లాలోనున్న ఈ ప్రాంతము అందు చేరినది. నాటినుండి మన తాతలు ఇచ్చటనే యుండి, ఈ నేలయొక్క ఉప్పు తిని, ఒడియా నేర్చి, వంశధార నీరు త్రాగి స్థిరపడిరి. రాజ్యము మారినను వారి ఇంట లెక్క క్రొత్తగా మొదలుకాలేదు. అక్షరమను వెనుకటి నిల్వను కొత్త చిట్టాలో వ్రాసికొనిరి. మన పిల్లలు బడిలో ఒడియా, ఆంగ్లము, హిందీ నేర్చుచున్నారు. మంచిదే. ఆ బడిని మేము తప్పు పట్టము. ఇంటి నిల్వను ఇంటివారే చూచుకొనవలయును. మన తరమువారు కొత్త చిట్టా తెరచిరి. మొదటి పద్దు వ్రాయుట మరచిరి.

దీనికి ఉపాయము చందమామయే నేర్పినది. బేతాళకథలు సంస్కృతమున ఇరువదియైదు మాత్రమే. చందమామవారు వానిని దాటి దశాబ్దములపాటు నెలకొకటి చొప్పున క్రొత్తవి కల్పించిరి. ప్రతి నెలయు మొదలు ఒక్కటే: అదే రాజు, అదే చెట్టు, అదే శవము. లోపలి కథ క్రొత్తది, చివరి ప్రశ్న క్రొత్తది. రాజు నోరు విప్పగానే బేతాళుడు మరల చెట్టెక్కును. రాజు మరల బయలుదేరును. రీబూటనగా మనవారు ప్రతి నెలయు చేసి చూపిన ఈ పనియే గదా! భుజముపై శవమును మోయు విక్రమార్కుని బొమ్మను గీసిన శంకర్‌గారు 2020లో స్వర్గస్థులైరి. మరుసటి సంవత్సరము ఆయనకు మరణానంతరము పద్మశ్రీ ప్రకటింపబడెను. ఆ రాజు విసుగుకొని, ఈ చెట్టు ఎన్నడు కూలునని ఊహాగానములు చేయుచు కూర్చుండలేదు. నడిచెను.

కావున మా ప్రతిపాదన ఇది. ప్రతి ఆదివారము సాయంకాలము ఒక గంట మన సంఘపు గది తెరచి యుంచుదము. మా ఇంటి సంపుటములు తెచ్చి పెట్టెదము. మీ యిండ్ల అటకలమీద నున్నవియు దింపుడు. అభిమానులు పాత సంచికలను ఇంటర్నెట్టునందును భద్రపరచి యున్నారు. పెద్దలొకరు ఒక బేతాళకథను ప్రశ్నవరకు మాత్రము చదువవలయును. పిల్లలు తమకు తోచిన జవాబును వాదింపవలయును. వాదించుట వారికి మనము నేర్పనక్కరలేదు. రాజు చెప్పిన జవాబు మాత్రము పెద్దలు చెప్పరాదు. అది తెలియవలయునన్నచో అక్షరములు కూడబలుకుకొని పిల్లలే చదువుకొనవలయును. అంతవరకు పుస్తకము అచ్చటనే తెరచి యుండును.

వారి వీరులను మనము వెలివేయవలదు. సూపర్‌మ్యాన్ కథనైనను, 2024లో మన తెలుగువారు తీసిన 'హనుమాన్' వంటి చిత్రపు కథనైనను, తరువాత ఏమి జరుగునో తమ ఊహను పిల్లలు తెలుగులో అర పుట వ్రాసి తెచ్చినచో, తప్పులు దిద్ది ఈ వారపత్రిక చివరి పుటలో అచ్చువేయుదము. ఒడియా మిత్రుల పిల్లలును రావచ్చును. జహ్నమాము పాత సంచికలు వారు తెత్తురు. రెండు లిపులను ప్రక్కప్రక్కన పెట్టుకొను ఆ ఆట ఈ యూరిలో మరల మొదలగును గాక.

మార్వెల్ వారు తమ ప్రపంచమును మరల మొదలిడుదురో లేదో మేము చెప్పజాలము. చందమామ మరల ఉదయించునో లేదో అదియు మన చేతిలో లేదు. మన చేతిలో నున్నది ఒక్కటే: ఆ దినము వచ్చినపుడు గుడారిలో చదువువాడొకడైనను ఉండునట్లు చూచుట. లెక్క లేని మాటలు వర్తకునకు తగవు గనుక, రాబోవు ఉగాదినాడు ఇదే వేదికపై ఎందరు పిల్లలు ఒక పుట తడబడక చదివిరో లెక్క అప్పగించెదము. ఈ కొత్త చిట్టాలో మొదటి పద్దుగా మా కుమారుని పేరు వ్రాసికొనుడు. ఆదివారము వానిని మేమే వెంటబెట్టుకొని వచ్చెదము.