దీవి దేశంలో దస్తర్‌ఖాన్
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన వర్ధన్నపేట నుండి గల్ఫ్‌కు పోయే పిల్లలకు వీసా సంగతి, టికెట్ సంగతి చెప్పేవారు చాలామంది ఉన్నారు. అక్కడ ఏం తినాలె, నలుగురిలో ఎట్లా తినాలె అని చెప్పేవారు తక్కువ. అందుకని బహ్రెయిన్‌ను గురించి నాలుగు మాటలు మీ ముందు ఉంచదలచినాము.

బహ్రెయిన్ దీవుల దేశం. 1986లో సౌదీ అరేబియాతో కలిపే 25 కిలోమీటర్ల వంతెన దారి తెరిచేదాకా పడవో విమానమో ఎక్కవలసిందే. అయినా మనకు మరీ పరాయి దేశం గాదు. 1965లో దీనార్ వచ్చేవరకు అక్కడ రూపాయే చెలామణిలో ఉండేది. వాళ్ళు ఇప్పటికీ పచ్చడిని 'అచ్చార్' అంటారు. చిక్కటి పాల చాయ్‌ని 'కరక్' అంటారు, అది మన 'కడక్' మాటే.

వంటలు గూడ మనవాటికి చుట్టాలే. మాంసమో చేపో ఉడికిన నీళ్ళలోనే బియ్యం వండి, లూమీ అనే ఎండిన నిమ్మకాయ వేసి చేసేది మజ్బూస్. కారం తక్కువ. మొదటి ముద్దకే మొహం చిట్లించరాదు. రంజాన్‌లో గోధుమలు, మాంసం కలిపి మెత్తగా మెదిపే హరీస్ పెడతారు. నిజాముల కాలంలో అరబ్బుల వెంట హైదరాబాద్ వచ్చి మన హలీమ్‌కు మూలమైనది అదే. పొద్దున బలాలీత్ పెడతారు. తీపి సేమియా మీద కోడిగ్రుడ్డు అట్టు! సేమియా మనకు కొత్త గాదు, దానిమీద గ్రుడ్డే కొత్త.

ఎవరైనా ఇంటికి పిలిస్తే చెప్పులు విడిచి మజ్లిస్‌లో కూర్చోవాలి. ముందు ఖర్జూరం, గహ్వా వస్తాయి. గహ్వా అంటే మన కాఫీ గాదు. పాలు, చక్కెర ఉండవు, ఏలకుల వాసనతో చేదుగా ఉంటుంది. పిడి లేని చిన్న కప్పులో అడుగున కొంచెమే పోస్తారు. పిసినారితనం అనుకోవద్దు. నిండా పోస్తేనే 'త్రాగి ఇక లెమ్ము' అన్నట్టు. కుడిచేత్తో అందుకోవాలి. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ కదిపి తిరిగి ఇవ్వాలి. మన పక్క ఊరి అబ్బాయి ఒకడు ఈ సంగతి తెలియక, 'షుక్రియా' అంటూ ఉత్తగా కప్పు చాచి, పోసినప్పుడల్లా త్రాగి, ఆ రాత్రంతా కన్ను మూయలేదట!

పెద్ద పళ్ళెంలో అందరూ కలిసి తింటారు. బిస్మిల్లా అని, ఎవరి ముందరిది వారే తినాలె. నడుమ చేయి పెట్టి మంచి ముక్క ఏరుకోరాదు. ఇంటి యజమాని తానే ముక్క విరిచి మీ వైపు పెడితే అది మీకు గౌరవం. ఇదంతా మన అమ్మలు దస్తర్‌ఖాన్ దగ్గర నేర్పినదే గదా!

ఇక జాగ్రత్తలు. రంజాన్ పగటిపూట బయట తినడం, త్రాగడం, సిగరెట్ కాల్చడం ఎవరికైనా నేరమే. మీతో పోయే హిందూ సోదరులకు గూడ ముందే చెప్పండి. కొన్ని హోటళ్ళలో మద్యం అమ్ముతారు. అమ్ముతున్నారు గదా అని హరామైనది మనకు హలాల్ గాదు. త్రాగి బండి నడిపితే ఎవరికైనా జైలు పడవచ్చు. తల్లులకు ఒక మాట: మసాలా పొడిలో గసగసాలు వేసి కట్టివ్వకండి. సౌదీలో, యు.ఏ.ఇ.లో అవి మత్తుపదార్థం కింద లెక్క. విమానం దుబాయిలో మారేటప్పుడు పట్టుబడితే పిల్లవాడి బ్రతుకే ఆగమవుతుంది.

ఇప్పుడు అసలు మాట. మనకు తెలిసిన ఒక పిల్లవాడు అక్కడ పొద్దున చాయ్, రాత్రి ఒక రొట్టెతో నెలలు గడిపినాడు. మిగిల్చినదంతా అక్క పెండ్లి అప్పుకు పంపినాడు. ఒకనాడు ఎండలో పనిచేస్తూ పడిపోయినాడు. మండువేసవి నెలల్లో మధ్యాహ్నం 12 నుండి 4 దాకా ఎండలో పని చేయించరాదని అక్కడ 2007 నుండి నిబంధన ఉన్నది. కాని ఖాళీ కడుపును ఏ నిబంధన కాపాడుతుంది? గదిలోని నలుగురు కలిసి వంతులవారీగా వండుకుంటే ఖర్చు తగ్గుతుంది, కడుపూ నిండుతుంది. దాహం వేయకముందే నీళ్ళు త్రాగాలె.

తప్పు ఆ పిల్లవానిది ఒక్కనిదే గాదు. ఫోన్ చేసినప్పుడల్లా 'ఎంత పంపినావు?' అని అడిగిన మనది గూడ. అరబ్బు ఇంట్లో అతిథికి ముందు ఖర్జూరం పెట్టి, తరువాతే పని మాట్లాడతారు. వారి దగ్గర మనం నేర్వవలసిన మర్యాద అదే. ఇకమీదట మన ఇండ్లలో ఫోన్ మ్రోగితే మొదటి మాట 'తిన్నావా బేటా?' కావాలె. డబ్బు మాట తరువాత.