వెలుగు తిరిగి వచ్చే క్రమం



2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ వద్ద తీరం దాటినప్పుడు మన బరంపురం అంధకారంలో మునిగిన సంగతి పెద్దలు మరువలేదు.

విద్యుత్ పునరుద్ధరణకు సాధారణంగా ఒక క్రమం ఉంటుంది. ముందు సబ్‌స్టేషన్లు, ప్రధాన లైన్లు. పిదప ఆసుపత్రులు, మంచినీటి పంపులు. ఆ తరువాతనే మన వీధులు. ఈ ఆలస్యాన్ని ఉపేక్షగా భావించరాదు.

ఆ చీకటిలో ఒక జాగ్రత్త అత్యవసరం. మెయిన్ స్విచ్ ఆపకుండా జనరేటరును ఇంటి వైరింగుకు కలిపితే, ఆ విద్యుత్తు వీధి ట్రాన్స్‌ఫార్మరులోకి ఎదురు ప్రవహించి, వేల వోల్టులకు పెరిగి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీయగలదు. తెగిపడిన తీగకు దూరంగా నిలిచి, ఇతరులను వారించి, విద్యుత్ కార్యాలయానికి తెలియజేయండి.

ఒడియా ప్రకటన చదవలేని పొరుగువారికి ఈ మాట తెలుగులో చెప్పండి. మన ఇంటికి వెలుగు తెచ్చేవారు తమ ఇంటికి క్షేమంగా చేరాలి.