పొలం యంత్రానికి వంపు అద్దపు కన్ను
(నందిపేట్‌లో పసుపు రైతులకు చేసిన ప్రసంగ పాఠం)



మక్కలో పసుపు కలిపి వేసిన చేనులో కలుపుతీత ఎంత భారమో నందిపేట్, ఆర్మూర్ ప్రాంతపు రైతులకు నేను చెప్పనక్కరలేదు. కూలీలు దొరకని సమయంలో, తనంతట తాను నడచి కలుపు తీసే యంత్రం ఉన్నదని వినగానే ఎవరికైనా ఆశ కలుగుతుంది. 2025 జనవరిలో నిజామాబాదులో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైనది. పసుపుపై అందరి దృష్టి పడిన ఈ రోజుల్లో ఇట్టి యంత్రాలను అమ్మజూపేవారు మన ఊళ్లకు కూడా రావచ్చును. కావున ఆ యంత్రం ఎట్లా చూస్తుందో, ఎక్కడ చూడలేదో ముందే తెలుసుకొనుట మంచిది.

ఈ విద్య మనవారికి కొత్త కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డిగారు 1979లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ సంస్థకు మొదటి డైరెక్టరు అయినారు.

వంపు అద్దం చేసే పని

మీ మోటారు సైకిలుకు ఉన్న అద్దాన్ని గమనించండి. అది కొద్దిగా ఉబ్బి ఉంటుంది. దీనినే కుంభాకార దర్పణం అంటారు. చదును అద్దంకన్న ఇందులో ఎక్కువ రోడ్డు కనిపిస్తుంది, కాని వెనుక వచ్చే లారీ చిన్నదిగా, దూరంగా ఉన్నట్లు తోచును. లాభం, నష్టం రెండూ ఆ వంపులోనే ఉన్నవి.

యంత్రానికి కూడా ఇదే ఉపాయం. కెమెరాను పైకి చూచునట్లు నిలిపి, దానిపై గిన్నె బోర్లించినట్లు ఉబ్బెత్తు అద్దాన్ని క్రిందికి తిప్పి అమర్చుతారు. అప్పుడు ఒకే కెమెరాకు ముందు, వెనుక, కుడి, ఎడమ ఒక్కసారే కనిపించును. బొమ్మ గాజు ఆకారంలో గుండ్రంగా వస్తుంది. నడుమ కెమెరా తన నీడను తానే చూచుకొనును. ఆ గుండ్రని బొమ్మను కంప్యూటరు విప్పి, చాపవలె పరచుకొనును.

ఏ వంపైనా సరిపోదు. అతిపరావలయపు వంపు గల అద్దానికి రెండు నాభులు ఉండును. ఒక నాభివైపు వచ్చే వెలుతురు అద్దానికి తగిలి, రెండవ నాభికి చేరును. కెమెరా కటకాన్ని అక్కడ ఉంచినచో, చుట్టూ ఉన్నదంతా ఒకే చోటనుండి చూచినట్లు సరిగా విప్పవచ్చును. అమెరికాలో ఇట్టి అద్దానికి 1970లోనే పేటెంటు లభించినది. 1997లో కొలంబియా విశ్వవిద్యాలయపు శ్రీ నాయర్ పరావలయపు అద్దంతో ఇట్టి కెమెరాను చూపినారు.

కలుపును గుర్తించునా?

ఇక్కడ లెక్క వేసి చూడవలెను. బొమ్మ నిలువునా అడ్డంగా 1000 చుక్కలు గల కెమెరా అనుకొందాం. నడుమనుండి 400 చుక్కల దూరంలో గుండ్రని బొమ్మ చుట్టుకొలత సుమారు 2500 చుక్కలు. దానిని 360 డిగ్రీలకు పంచితే డిగ్రీకి 7 చుక్కలు వచ్చును. 3 మీటర్ల దూరంలో ఒక డిగ్రీ అనగా 5 సెంటీమీటర్లకు పైచిలుకు. అనగా ఒక్కొక్క చుక్క ముప్పాతిక సెంటీమీటరు. సెంటీమీటరు ఆకు గల కలుపు మొలక ఒకటి రెండు చుక్కలకు మించి కనపడదు. అదే కెమెరాను అద్దం లేకుండా అర మీటరు వెడల్పు సాలుపైకి నేరుగా దించితే ఆ ఆకు 20 చుక్కలు అగును.

కాని 40 సెంటీమీటర్ల వెడల్పు గల మనిషి అదే 3 మీటర్ల దూరంలో అద్దపు బొమ్మలో 50 చుక్కలకు పైగా ఉండును. కావున వంపు అద్దం మనిషిని, గట్టును, చెట్టును చూచుటకు. కలుపును గుర్తించుటకు వేరే కెమెరా కావలెను. చేనులో స్త్రీలు కలుపు తీస్తుంటారు, పిల్లలు తిరుగుతుంటారు. యంత్రం వెనుకకు జరిగేటప్పుడు వారు కనపడుట అన్నిటికన్న ముఖ్యం.

ఎక్కడ మోసపోవును?

దూరం కొలుచుటలో పొరపాటు రావచ్చును. అద్దం నేలకు మీటరున్నర ఎత్తులో ఉంటే, మనిషి పాదాలు ఎంత వాలులో కనిపించుచున్నవో చూచి యంత్రం దూరం లెక్క కట్టును. బోదె ఎక్కి యంత్రం 5 డిగ్రీలు ఒరిగితే, 3 మీటర్లలో ఉన్న మనిషి 3.8 మీటర్లలో ఉన్నట్లు లెక్క రావచ్చును. అందుచేత ఒరుగును కొలిచే సాధనమో, దూరాన్ని నేరుగా కొలిచే సాధనమో తోడుగా ఉండవలెను.

మక్క ఏపుగా పెరిగినచో అద్దానికి ఆకులే కనిపించును. సాయంకాలపు ఎండ పడిన వైపు బొమ్మ తెల్లబారును. పైగా ఈ అద్దాలకు పూత సాధారణంగా ముందువైపే ఉండును. దుమ్మును పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడును. ముందు నీళ్లు పోసి దుమ్ము జారనిచ్చి, మెత్తని నూలుగుడ్డతో అద్దవలెను.

కొనకముందు చేయదగిన పరీక్షలు

1. దిష్టిబొమ్మను నాలుగు వైపులా ఒక్కొక్కచోట నిలిపి, ప్రతిసారి యంత్రం ఆగునో లేదో చూడవలెను. మనిషిని నిలబెట్టరాదు.
2. ఈ పరీక్షను ఎదుగుతున్న పంటలో, బోదెలపైన, సాయంకాలపు ఎండలో కూడా జరిపించవలెను.
3. అద్దానికి బురద పూసి చూడండి. కన్ను మూసుకొన్నదని తెలిసి యంత్రం తనంతట ఆగవలెను.
4. కలుపును చూచే కెమెరా వేరుగా ఉన్నదా అని అడగండి.
5. దెబ్బ తగిలి అద్దం కదిలితే తిరిగి సరిచేసేవారు ఎవరు, ఎన్నాళ్లలో వస్తారు అన్నది కాగితంమీద వ్రాయించుకొనండి.

ఈ పరీక్షలకు ఒప్పుకొనని యంత్రాన్ని కొనవద్దు, కిరాయికి కూడా చేనులోకి దించవద్దు. ధర చేతికందనప్పుడు నలుగురు రైతులు కలిసి, ఒక చేనులో ఒక కారు నడిపించి చూచి, కూలి ఖర్చుతో సరిపోల్చుకొని నిర్ణయించుకొనవచ్చును.