నోరు ఒకచోట, మనసు ఒకచోట



ఈవేళ పచ్చళ్ల సంగతి పక్కనపెట్టి మావాడి బండి సంగతి చెబుతాను. నవ్వకండేం!

మాది కరీంనగరు. మావాడు హైదరాబాదులో చదువుకుంటూ, సెలవునాడు కార్టు పందాలకు పోతుంటాడు. కార్టంటే నాలుగు బుల్లి చక్రాలు, నేలకు బెత్తెడు ఎత్తున సీటు, ఒక ఇంజను, అంతే. పందెపు కార్టుకు స్ప్రింగులుండవు, బెల్టూ ఉండదు. “నడుం ఇరగదా బిడ్డా?” అన్నది మా అత్తమ్మ.

దసరాకు వచ్చినప్పుడు రెండు వీడియోలు చూపించాడు. హెల్మెట్‌కు చిన్న కెమెరా తగిలించుకుని, నడుపుతూనే మాట్లాడాడట. మొదటిదాంట్లో గాలి హోరు తప్ప ఒక్క ముక్క వినబడలేదు. రెండోసారి మైకుకు స్పాంజి తొడిగి, గాలి తగలకుండా హెల్మెట్ లోపల పెట్టాడు. అప్పుడు మాట తేలింది. “ఫ్రెండ్స్, సూస్తున్నరా, ముందటోన్ని ఎట్ల దాటుతనో...” అంటున్నాడు. ఆ మాట పూర్తికాకముందే పోయి టైర్ల గోడకు గుద్దుకున్నాడు!

దెబ్బలేమీ తగల్లేదు లెండి. కానీ ఆ ముక్కను నాలుగుసార్లు తిప్పించి చూశాను. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. బ్రేకు వెయ్యాల్సిన క్షణంలో మనసు మాత్రం ఆ ఫ్రెండ్స్ దగ్గర ఉంది. పొయ్యిమీద పాలు పెట్టి పక్కింటావిడతో మాట్లాడిన మనకు ఇది ఒకరు చెప్పాలా?

అలాగని మాట్లాడుతూ నడపడమే తప్పనను. బ్రిటన్‌లో పోలీసు డ్రైవర్లకు శిక్షణలో, కంటికి కనబడేది కనబడినట్టు పైకి చెబుతూ నడపడం నేర్పుతారు. దానివల్ల శిష్యుడు ఏం చూస్తున్నాడో, ఏం చూడటం లేదో పక్కనున్న గురువుకు తెలుస్తుంది. కార్టులో చోటు ఒక్కరికే. గురువు తర్వాత కూర్చుని ఆ రికార్డు వినాల్సిందే.

“ఫ్రెండ్స్‌ను ఇంట్ల పెట్టిపో. కనబడేదే చెప్పు” అన్నాను. సంక్రాంతికి మూడో వీడియో తెచ్చాడు. “మలుపు... బ్రేక్... లోపలి అంచు... గ్యాస్.” అంతే మాటలు. విసుగ్గానే ఉంది వినడానికి. కానీ ప్రతి చుట్టులోనూ ఒక మలుపు దగ్గర ‘బ్రేక్’ అన్న మాట ఆలస్యంగా వస్తోంది. ముందు కనిపెట్టింది నేనే!

ఈసారి కెమెరాను బండికే బిగించి, ఊడిపడకుండా తాడు కట్టాడు, ట్రాకువాళ్లను అడిగే. హెల్మెట్‌కు రంధ్రాలు వేసి మరలు బిగిస్తే దాని బలం పోతుంది, మీ పిల్లలకూ చెప్పండి. బండిలో కెమెరా కొత్తదేం కాదు. 1985 జర్మన్ గ్రాండ్ ప్రీలో ఫ్రాన్స్వా ఎనో నడిపిన రెనో కారులోనే పెట్టారు. పాపం, క్లచ్ పాడై ఆ కారు మధ్యలోనే ఆగిపోయింది.

నా అసలు దిగులు వేరే. అదే కెమెరాతో మోటార్‌సైకిలు మీద మానేరు తీగల వంతెన, ఆపైన నిర్మల్ ఘాటు ఎక్కి ఆదిలాబాద్ వైపు కుంటాల జలపాతం దాకా మాట్లాడుకుంటూ పోతానన్నాడు. ట్రాకు మీద అందరూ ఒకవైపే పోతారు. మన రోడ్ల మీద వడ్ల ట్రాక్టరు ఎదురొస్తుంది, బర్రెలు అడ్డమొస్తాయి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, ఫోను చేతపట్టుకుని నడపడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్‌లో చేర్చారు కదరా అంటే, “చేతుల లేదు గదమ్మా, నెత్తిమీదుంటది” అన్నాడు.

“టైర్లకు గుద్దుకున్ననాడు గూడ నీ చేతులు ఖాళీగనే ఉండెగదరా” అన్నాను. ఆ మాటకు జవాబు లేదు.

చివరికి ఒప్పుకున్నాడు. రోడ్డు మీద కెమెరా తిరుగుతుంది, నోరు మూసుకుంటుంది. మాటలు ఇంటికొచ్చాక చేర్చుకోవాలి. కుంటాల వీడియోకు మా వంటింట్లో కూర్చునే మాటలు చెప్పాడు. జలపాతం హోరు మధ్యలో మా కుక్కరు విజిల్ వినబడుతుంది. తీసేయరా అంటే వినలేదు.