బాపు ట్రంకు పెట్టె

(మూసాపేటలో జరిగిన సంస్మరణ సభలో ఒక ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

మా బాపు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నాలుగు మాటలు చెప్పుమన్నరు. నాకు ఉపన్యాసం రాదు, తెలిసింది చెప్త.

మా బాపు ఫౌజీ. 1977ల గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌ల గన్నర్‌గ భర్తీ అయిండు. హవల్దారుగ రిటైరై 1998ల ఇంటికొచ్చిండు. ఇరవై ఒక్కేండ్ల నౌకరిల ఆయన ఇంట్ల ఉన్న సెలవులన్ని కూడితె నాలుగైదేండ్లు దాటది. నేను పుట్టినప్పుడు లేహ్‌ల ఉన్నడు. నన్ను మొదటిసారి ఎత్తుకున్ననాటికి నాకు పండ్లు మొలిచినయట. ఏడ ఉన్నడో మాకు ఎరుక లేకపోతుండె. అడ్రసు ఒక్కటే, కేరాఫ్ 56 ఏపీఓ. ఏ సరిహద్దుకు పంపినా గదే అడ్రసు. చిన్నప్పుడు నేను అదొక ఊరు పేరనుకున్న.

ఫౌజు నుంచి వచ్చెటాల్లకు నలభై దాటినయ్. గదే 1998ల మాదాపూర్‌ల సైబర్ టవర్స్ మొదలైంది. మన మూసాపేట, కూకట్‌పల్లి దిక్కు రిటైరైన ఫౌజీలకు ఆ గేట్ల కాడ నౌకర్లు దొరికినయ్. బాపు గూడ పోయిండు. పన్నెండు గంటల డ్యూటీ, లోపలికొచ్చే కార్లకు సెల్యూట్ కొట్టుడు. ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి సద్ది ఇయ్యనీకి పోయి చూసిన. నాకు సిగ్గనిపించింది. నోరు తెరిచి అనలే గని, ఆయన కనిపెట్టిండు. రాత్రి ఇంటికొచ్చి, "పగారు కోసం కొట్టే సెల్యూట్‌ల తప్పేమున్నది బిడ్డా" అన్నడు.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయల 20 మంది జవాన్లు పోయిన్రు. అందుల 16 బీహార్ కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. 37 ఏండ్లు. బాపు టీవీ ముందట కూసొని "గా చలి నాకెరుక" అన్నడు. ఆ పూట అన్నం ముట్టలే. మరుసటేడు సూర్యాపేటల విగ్రహం పెట్టినంక తీస్కపొమ్మని నా పానం తీసిండు. తీస్కపోయిన. మోకాళ్లు పట్టేసినా నిటారుగ నిలవడి సెల్యూట్ కొట్టిండు. గేటు కాడ నేను చూసిన సెల్యూట్ అది కాదు.

సంతోష్ బాబు నాయిన ఉపేందర్ గారు బ్యాంకుల చేసిండు. తను ఫౌజుకు పోదామనుకొని పోలేక కొడుకును పంపిండు. చిన్న పిల్లగాన్ని సూర్యాపేట నుంచి ఏడనో విజయనగరం జిల్లా కోరుకొండకు తోలిండు. ఎందుకంటె అప్పుడు ఉమ్మడి రాష్ట్రమంతటికి సైనిక్ స్కూల్ అదొక్కటే. గీ ముచ్చట మనోళ్లు ఎవ్వలు ఎక్కువ చెప్పరు. ఆయనకు మహావీర చక్ర ఇచ్చిన్రు, భార్యకు మన ప్రభుత్వం డిప్యూటీ కలెక్టర్ కొలువు ఇచ్చింది. ఇయ్యాల్సిందే. లడాయిల పోయినోని ఇంటికి సర్కారే నడిచొస్తది. మా బాపు అసొంటోళ్లు మంచాన పడి పోతరు. గప్పుడు ఇంటోళ్లే సర్కారు కాడికి నడవాలె.

ఫ్యామిలీ పెన్షన్ కోసం ట్రంకు పెట్టె తీసినం. డిశ్చార్జి బుక్కుల అమ్మ పేరు ఒక తీరు, ఆధార్‌ల ఇంకో తీరు. పెండ్లైనప్పుడు పార్ట్ టూ ఆర్డర్ రాసిన క్లర్కు తనకు వినబడ్డట్టు రాసుకున్నడు. నలభై ఏండ్లు బాపు చూడలే, మేము చూడలే. ఆయన బతికుండంగ ఒక్క సంతకంతోని అయ్యే పని. మీ ఇంట్ల ఫౌజీ ఉంటె పీపీఓ, డిశ్చార్జి బుక్కు, ఆధార్ పక్కపక్కన పెట్టి ఇయ్యాల్నే చూసుకోన్రి. నేను చెప్పొచ్చిందే గిది.

అఫిడవిట్ ఇచ్చినం, పేపర్ల ప్రకటన ఇచ్చినం. ఒక ఆఫీసుల ఒకాయన, "ఈమెనే ఆయన భార్య అని గ్యారంటీ ఏంది?" అన్నడు, అమ్మ ముందటనే. అమ్మ సంచిల నుంచి బాపు రాసిన ఉత్తరాల కట్ట తీసి టేబుల్ మీద పెట్టింది. ఆమెకు చదువు రాదు. ఏ ఉత్తరం ఎవరితోని చదివించుకున్నదో ఒక్కొక్కటి చెప్పవట్టింది. ఆయన లేచి చాయ్‌కి పోయిండు.

ఫైలు పోయిన నెల పైకి పోయింది, ఇంక రాలే. పోస్ట్‌మ్యాన్ వచ్చే యాళ్లకు అమ్మ గడపల కూసుంటది, ఎనుకట లెక్కనే.