వ్యాసాల రాశిలో జన్యువుల చుట్టరికం

పబ్‌మెడ్‌లో నేడు 3 కోట్ల 50 లక్షలకు పైగా వైద్య పరిశోధన వ్యాసాల వివరాలున్నాయి. కంప్యూటర్‌తో వాటిని చదివిస్తే, ఏ జన్యువుల పేర్లు పదేపదే ఒకే వాక్యంలో వస్తున్నాయో తేలుతుంది. కలిసి కనబడినంత మాత్రాన సంబంధం ఉన్నట్టేనా? న్యాయమైన ప్రశ్నే. ‘ఈ రెంటికీ సంబంధం లేదు’ అన్న వాక్యంలోనూ రెండు పేర్లూ ఉంటాయి కదా! పైగా ఒకే జన్యువుకు వేర్వేరు పేర్లుంటాయి: టీపీ53 జన్యువునే కొందరు పీ53 అంటారు. అందుకే, జన్యువులు తయారుచేసే ప్రొటీన్ల మధ్య సంబంధాలను నమోదు చేసే స్ట్రింగ్ డేటాబేస్ ఈ ఆధారాన్ని ప్రయోగాల ఫలితాల పక్కన పెట్టి, ప్రతి జంటకూ నమ్మకపు మార్కులు వేస్తుంది.

అయినా ఈ పద్ధతిని తీసిపారేయలేం; విడివిడి వ్యాసాలను కలిపి చూస్తే కొత్త సంబంధం దొరకవచ్చు. చేపనూనె రక్తం చిక్కదనాన్ని తగ్గిస్తుందని కొన్ని వ్యాసాలు, చలికి వేళ్లకు రక్తం సరిగా అందని రేనాడ్స్ జబ్బులో రక్తం చిక్కబడుతుందని వేరే వ్యాసాలు చెబుతుండేవి. ఒకదాన్నొకటి ఎరగని ఆ రెంటినీ 1986లో షికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు డాన్ స్వాన్సన్ కలిపి చదివి, ఆ జబ్బుకు చేపనూనె పనికిరావచ్చని ఊహించారు. తర్వాత జరిగిన క్లినికల్ ట్రయల్‌లో చేపనూనె తీసుకున్న ప్రైమరీ (వేరే జబ్బు వల్ల కాకుండా వచ్చిన) రేనాడ్స్ రోగులు చలిని మునుపటికన్నా బాగా తట్టుకోగలిగారు.