బొంబాయి ఖానావళి, మన వంటిల్లు



మేము షోలాపూర్ చేనేత సొసైటీ వాళ్లం. ఈసారి మగ్గం కాదు, తిండి గురించి మాట్లాడమన్నారు. సరే, బొంబాయి తిండి గురించి చెప్తాం. మన పద్మశాలి ఇండ్లలో బొంబాయి మిల్లుకు మనిషిని పంపని ఇల్లు తక్కువ.

అది ఓడరేవు పట్నం. పావ్ తెచ్చింది పోర్చుగీసు వాళ్లు, మరాఠీలో ఆలుగడ్డను బటాటా అనడం కూడ వాళ్ల మాటే. ఆ రెండూ కలిస్తే వడాపావ్. ఇరానీ హోటల్ల చాయ్, ఉడిపి హోటల్ల ఇడ్లీ, వీటన్నిటికీ పేరొచ్చింది. పేరు రానిది ఖానావళి.

పరేల్, లాల్‌బాగ్, వర్లీ చాళ్లలో ఒక్క గదికి పదిమంది మగవాళ్లు. ఒకడు షిఫ్టుకు లేస్తే ఇంకొకడు అదే చాప మీద పడుకునేది. వాళ్లకు నెల లెక్కన వండిపెట్టింది ఆడవాళ్లు. సాతారా వాళ్లకు జొన్నరొట్టె, వెల్లుల్లి కారం. కొంకణం వాళ్లకు చేపల పులుసు, అన్నం. మనోళ్లకు పచ్చిపులుసు లేంది ముద్ద దిగదాయె! జీతాలు అందేదాక కిరాణా బాకీ, దాని మీద వడ్డీ ఆమె నెత్తి మీదనే. 1975లో ప్రేమా పురవ్ గారు వాళ్లను కూడగట్టి అన్నపూర్ణ మహిళా మండల్ పెట్టిండ్రు, బ్యాంకు అప్పులు ఇప్పించిండ్రు. వండే మనిషి పేరు బ్యాంకు పుస్తకంలకు ఎక్కింది. మాకు అదే పెద్ద సంగతి.

1982 జనవరి 18న సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది పని ఆపిండ్రు. తర్వాత కొందరు భివండికి, కొందరు సిరిసిల్లకు, కొందరు మా దగ్గరికి మళ్లిండ్రు. తిన్న నెలల బాకీ ఖానావళి ఆమెకు ఎవరు కట్టాలె? ఆ లెక్క ఎవరూ రాయలేదు.

మన ఇండ్లల్ల చూడండి. వండేది ఆమె, కండెలు చుట్టేది ఆమె, అచ్చు అతికేది ఆమె. ఆమె కాచిన గంజి కొంత పడుగుకు, కొంత మన కడుపుకు. షేరు, కూలి, పొదుపు మాత్రం మగ్గం గుంటల కూర్చున్నాయన పేరు మీద.

అందుకే వచ్చే జనరల్ బాడీలో మా సొసైటీ తీర్మానం పెడుతున్నది, కండెలు చుట్టే ఆడవాళ్లను సొంత పేరుతో మెంబర్లను చేసుకోవాలని. మిగతా సొసైటీల వాళ్లు కూడ ఆలోచించండి. ఫారాలు తెచ్చినం, భోజనాల కాడ బల్ల మీద ఉన్నయి. పొయ్యి దగ్గరున్న అక్కలకు ముందు ఇయ్యండి, పంక్తి తర్వాత లేస్తది.